పాపని తీసుకు…

మా క్లినిక్కులో పళ్ళు పీకేది డాక్టరు గారు. ప్రాణం తోడేసేది క్యాలెండర్ యాప్. రిసెప్షన్‌లో కూర్చునేది నేను కాబట్టి ఆ రెండోది రోజంతా నా నెత్తినే ఉంటుంది.

ఎవడు చేశాడో గాని, అందులో ఏదీ మన ఇష్టప్రకారం జరగదు. వారం ఆదివారంతోనే మొదలవుతుంది, మాకు ఆదివారం సెలవు మొర్రో అన్నా వినదు. రంగులు ఆరంటే ఆరే, అందులో రెండు ఒకటే గులాబీ. ఎంత పొడుగు రాసినా గడిలో పట్టినంతే చూపించి, మిగతాది మూడు చుక్కలు పెట్టి మింగేస్తుంది. గడి వెడల్పు చేద్దామంటే దారి లేదు. మన భాషలో అసలు సంగతంతా మాట చివర్లో కదా ఉండేది. ఒకసారి "పన్ను తీయొద్దు, నింపితే చాలు" అని రాసి పెట్టాను. డాక్టరు గారి తెరమీద "పన్ను తీ…" అని మాత్రం కనబడింది. ఆయన పట్టకారు చేతిలోకి తీసుకున్నారు కూడా. కుర్చీలో పెద్దాయన నోరు తెరిచి ఉంచే కేక పెట్టబట్టి బతికిపోయాం.

తెలుగులో పెట్టుకుంటే ఇంకో తమాషా. ప్రతివారం వచ్చే పని పెడితే, అది ఎప్పుడు ఆగాలని అడుగుతుంది. ఆగనక్కర్లేదంటే "ముగింపు: ఎప్పుడూ" అని రాసుకుంటుంది. 'లేదు' అనే ముక్క అనువదించినవాడి పొట్టలో ఉండిపోయింది. ఆ పనికి ఎవరినైనా పిలిస్తే వాళ్ళకి మూడు బటన్లు కనబడతాయి. వస్తాను, రాను, చూద్దాం. మనవాళ్ళు చూద్దాం అన్నారంటే రానట్టేనని ఆ యాప్ చేసినవాడికి ఎవరూ చెప్పలేదు పాపం. క్లినిక్కులో ఎవరైనా "రాను" నొక్కితే, ఆ టైము వరసలో తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది. ఇదొక్కటి మాత్రం అది ఏనాడూ తప్పు చెయ్యలేదు.

ఇంత తిట్టుకునేదాన్ని మా ఇంట్లోకి కూడా తెచ్చి పెట్టింది మా అక్క. "నీకేది నచ్చింది గనక," అని నా మాట కొట్టిపారేసి, తనూ బావా నేనూ చూసుకునేలా ఒక క్యాలెండర్ మొదలుపెట్టింది. అందులో ముఖ్యమైన పని ఒక్కటే. వాళ్ళ పాపకి శుక్రవారం సాయంత్రాలు ఈత క్లాసు. అయిదున్నరకి అయిపోతుంది. అక్క పాపని చేపపిల్లా అని పిలిచేది. ఆ చేపపిల్ల కోసం పెట్టిన గడి నా ఫోన్‌లో ఇలా కనబడేది: "పాపని తీసుకు…"

"నాకు కుదరకపోతే నువ్వు వెళ్ళాలి, అర్థమైందా?" అంది అక్క.

"చూద్దాం," అన్నాను. నెత్తిమీద మొట్టింది.

ప్రతివారం పాపని తీసుకొచ్చాక అదే గడిలో చిన్న మాట రికార్డు చేసి పెట్టేది. ఈవేళ తల ముంచింది. ఈవేళ ముక్కులోకి నీళ్ళు పోయి నన్ను తిట్టింది. వెనకాల పాప నవ్వు, స్కూటరు తాళాల చప్పుడు.

పోయిన వానల్లో ఒక శుక్రవారం, బయల్దేరేముందు నాకు ఫోన్ చేసింది. రెయిన్‌కోటు టోపీ బిగించుకుంటోందేమో, గొంతు దూరంగా ఉంది. ఏదో అంది, ఏదో అన్నాను, "సరే, వస్తానే" అని పెట్టేసింది. ఎక్కడికి బయల్దేరినా వెళ్తాను అననిచ్చేది కాదు. వస్తాను అనాలి. పాపకీ అదే నేర్పింది. బ్రిడ్జి కింద మలుపులో లారీ ఆమెని చూసుకోలేదు. పాప చీకటిపడేదాకా స్విమ్మింగ్ పూల్ గేటు దగ్గర బెంచీమీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. 

తర్వాత నేను వాళ్ళింటికి వచ్చేశాను. పాపకి మనిషి కావాలి, బావకి వంట రాదు, నాకు వాళ్ళు తప్ప ఎవరూ లేరు. శుక్రవారాలు నావి అయ్యాయి. కానీ ఆ గడి అక్కది. మనిషి పోయినా అది వారంవారం వస్తూనే ఉంది. ముగింపు: ఎప్పుడూ. గంట మోగేది, అక్క ఫోటో వెలిగేది. కింద పేర్లు. అక్క: వస్తాను. బావ: చూద్దాం. నేను: వస్తాను.

ఆ ఫోటో తీసేద్దామంటే పెట్టినవాళ్ళే తీయాలిట, అక్క ఫోన్ బావ ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ ఒక్క గంటనీ ఆపేద్దామంటే అన్ని గంటలూ ఆగిపోతాయిట. కంపెనీవాళ్ళకి రాశాను. "ఆ సదుపాయం ప్రస్తుతం లేదు. మీ సూచనకి ధన్యవాదాలు," అని జవాబు. ఎన్నిసార్లు రాసినా అదే చిలకపలుకు.

ఒక శుక్రవారం క్లినిక్కులో జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక పిల్లాడు ఏడుస్తున్నాడు, డాక్టరు గారు అరుస్తున్నారు, సరిగ్గా అప్పుడు అక్క ముఖం నవ్వుతూ వెలిగింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నేనెలాగూ వెళ్తాను, ఆ సంగతి దీనికెందుకు చెప్పాలి అనుకున్నాను. "రాను" నొక్కేశాను. గంట ఆగిపోయింది. గడి నా ఫోన్‌లోంచి మాయమైంది. హమ్మయ్య అనుకున్నాను కూడా.

ఆ సాయంత్రం వాన. నేను చేరేసరికి పూల్ లైట్లు వెలిగించారు. గేటు దగ్గరంతా బ్లీచింగ్ వాసన, తడి తువ్వాళ్ళ వాసన. పిల్లలు ఒక్కొక్కరూ వెళ్ళిపోతున్నారు. బెంచీ ఖాళీగా ఉంది.

"పాప ఏది?" అని వాచ్‌మన్‌ని అడిగాను.

అతను నన్ను వింతగా చూశాడు. "ఇప్పుడేగా మీరు తీసుకెళ్ళారు?"

"నేనా?"

"మీరే కదమ్మా… రెయిన్‌కోటు, టోపీ…" అని ఆగిపోయాడు. నా చేతిలో గొడుగు చూశాడు. అతని ముఖంలో రంగు మారింది. 

ఎటు పరిగెత్తానో నాకే తెలియదు. ఇంటి దారే పట్టాను. బ్రిడ్జి కింద మలుపు దగ్గర, ఫుట్‌పాత్ చివర, సంచి తగిలించుకుని ఒక్కతే నిలబడి ఉంది మా చేపపిల్ల. లారీలు పక్కనుంచే పోతున్నాయి. లాక్కుని గుండెకి అదుముకున్నాను. అప్పుడు గమనించాను. అంత వానలో దాని జుట్టు పొడిగా ఉంది. బట్టలు పొడిగా ఉన్నాయి. కుడిచెయ్యి మాత్రం మణికట్టు దాకా తడిసి ముద్దయి ఉంది.

"ఎవరితో వచ్చావే?" అన్నాను.

"అమ్మతో." రోడ్డుకేసి చూస్తూ గుసగుసగా చెప్పింది. "ఇక్కడిదాకా వచ్చింది. ఇక్కణ్ణించి ఇంటికి దారి గుర్తురావట్లేదంది. వచ్చేవారానికి గుర్తుతెచ్చుకుంటానంది."

ఇంటికొచ్చి బావకి చెప్పాను. పిచ్చిదాన్ని అంటాడనుకున్నాను. నన్ను వదిలేసి పాప ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"అమ్మ ఎలా ఉంది నాన్నా?"

"తడిసిపోయింది."

"ఇంకా?"

"టోపీ తియ్యలేదు. తియ్యమంటే, ఇప్పుడొద్దులే అంది."

బావ ఆ తడిసిన చెయ్యి తన చెంపకి ఆనించుకున్నాడు. అది చూసి నాకు బ్రిడ్జి దగ్గర జరిగినదానికంటే ఎక్కువ భయం వేసింది.

పాప నిద్రపోయాక అక్క ఫోన్ తీయించాను. సొరుగులో ఉంటుంది. బావ రోజూ ఛార్జింగ్ పెడతాడు, ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. దాన్నుంచి నన్ను మళ్ళీ పిలవమన్నాను. రాను అన్నవాళ్ళని మళ్ళీ పిలవడం కుదరదని ఆ యాప్ చెప్పింది. బావని తన ఫోన్‌లో "చూద్దాం" మార్చి "వస్తాను" పెట్టమన్నాను. గడువు దాటిపోయిందంది. నేను రానన్నాక, వరసలో వస్తానన్న పేరు మిగిలింది ఒక్కటే. అక్క: వస్తాను.

"తీసెయ్ బావా. ఆ గడే తీసెయ్."

నొక్కాడు. రెండు దారులు చూపించింది. "ఈ ఒక్కటే." "అన్నీ." ఇక ముందువి అనే దారి లేదు. అన్నీ అంటే వెనకవి కూడా. తల ముంచిన శుక్రవారం, ముక్కులో నీళ్ళు పోయిన శుక్రవారం, ఆ నవ్వు, ఆ తాళాల చప్పుడు, అన్నీ. బయటికి తీసి దాచుకుందామా అంటే… ఆ సదుపాయం ప్రస్తుతం లేదు.

"నావల్ల కాదు," అన్నాడు బావ. "ఆ గొంతు తప్ప నా దగ్గర ఏముంది చెప్పు? రోజూ అది వినే పడుకుంటున్నాను."

"పాప ఉంది."

తల దించుకున్నాడు. చివరికి, "వచ్చేవారం పాపని ఈతకి పంపొద్దు. సరిపోతుంది," అన్నాడు.  సరే అనక నేను మాత్రం ఏం చేస్తాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నమే సెలవు పెట్టి వచ్చేశాను. బావ కూడా వచ్చాడు. తలుపు గొళ్ళెం వేశాం, కిటికీలు మూశాం. పాప హాల్లో కింద కూర్చుని బొమ్మలకి రంగులు వేస్తోంది. మబ్బులు కమ్మి పగలే చీకటి చేశాయి. వాన మొదలైంది. కరెంటు పోయింది. ఫ్రిజ్ చప్పుడు ఆగిపోయాక ఆ ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

అయిదున్నరకి సొరుగులో గంట మోగింది.

బావ అక్క ఫోన్ బయటికి తీశాడు. ఆ వెలుగులో ముగ్గురం చూశాం. "పాపని తీసుకు…" కింద అక్క పేరు. మా కళ్ళముందే పక్కన మాట మారింది.

అక్క: బయల్దేరాను.

అలాంటి మాట ఆ యాప్‌లో లేదు. ఉన్నవి మూడే మాటలు. రంగు మార్చుకునే దిక్కు లేదు, ఫోటో తీసే దిక్కు లేదు… ఇది ఎక్కణ్ణించి వచ్చింది?

"నెట్ ఏదో తేడాగా ఉన్నట్టుంది," అన్నాడు బావ. ఆ మాట అతను కూడా నమ్మలేదు.

అక్క: బ్రిడ్జి దాటాను.

పాప క్రేయాన్ కింద పెట్టింది. లేచి, సంచి కోసం గదిలోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళి సంచి లాక్కున్నాను. ఏడవలేదు. "అమ్మ వస్తోందిగా పిన్నీ," అంది, నాకే తెలియనట్టు.

అక్క: కింద ఉన్నాను.

కరెంటు లేదు కాబట్టి లిఫ్టు లేదు. మెట్లమీద చప్పుడు వినబడింది. తడి చెప్పులు… చప్… చప్… ఒక్కో మెట్టుకీ ఆగుతూ. ఎక్కడ మలుపు తిరగాలో ఆలోచించుకుంటున్నట్టు. తలుపు సందులోంచి వాసన వచ్చింది. తడిసిన రబ్బరు. పెట్రోలు. దానికింద ఇంకేదో… తుప్పు పట్టిన ఇనుములాంటి వాసన.

అక్క: గుమ్మంలో ఉన్నాను.

చప్పుడు ఆగింది.

తలుపు కొట్టలేదు.  తలుపు కిందనుంచి సన్నగా నీళ్ళు లోపలికి వచ్చాయి. తర్వాత… గొళ్ళెం ఉన్నంత ఎత్తులోనే… తలుపుకి ఆనించిన గొంతు.

"చేపపిల్లా…"

అది అక్క గొంతే. రికార్డుల్లో ఉండే గొంతే. వెనకాల తాళాల చప్పుడు కూడా ఉంది.

బావ తలుపు దగ్గరికి నడిచాడు. గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. నేను అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను.

"వదులు," అన్నాడు మెల్లగా. "ఒక్కసారి చూస్తాను."

"అది నీకోసం రాలేదు బావా."

"తెలుసు. అయినా…"

"పాపకోసం వచ్చింది. పాపని చూడు."

చూశాడు. పాప హాలు మధ్యలో నిలబడి ఉంది. కుడిచెయ్యి పైకెత్తి ఉంది. పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటేప్పుడు పిల్లలు ఎత్తినట్టు. ఆ పిడికిలిలోంచి నీళ్ళు కారుతున్నాయి… మోచేతిమీదుగా… నేలమీదికి. తలుపు మూసే ఉంది. గొళ్ళెం వేసే ఉంది.

పాప ఒక అడుగు తలుపువైపు వేసింది. కాదు… వేయించారు.

నేను దాని నడుం పట్టుకున్నాను. అటునుంచి లాగుతున్నారు. బలంగా కాదు. ఆలస్యమైపోతోంది పదమ్మా అన్నట్టు, ఓపిగ్గా. నా కాళ్ళు గచ్చుమీద జారుతున్నాయి.

"బావా… నొక్కు…"

అతను ఫోన్ తీసుకున్నాడు.  "ఈ ఒక్కటే" నొక్కాడు. తెర ఒక్క క్షణం ఖాళీ అయి, అదే గడి మళ్ళీ వచ్చి కూర్చుంది. అక్క: గుమ్మంలో ఉన్నాను. పాప ఇంకో అడుగు వేసింది.

అప్పుడు మా బావ ఏడ్చాడు. అక్క పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. "క్షమించు," అన్నాడు తలుపుతో. "అన్నీ" నొక్కాడు.

పాప నా ఒళ్ళో కూలబడింది. చెయ్యి కిందికి వాలిపోయింది. బయట ఏ చప్పుడూ లేదు. కాసేపటికి కరెంటు వచ్చింది, ఫ్రిజ్ మొదలైంది, పక్కింట్లో టీవీ కూడా మొదలైంది. తలుపు తీశాం. మెట్లు పొడిగా ఉన్నాయి. మా గుమ్మం ముందు కూడా తడి లేదు. తలుపు లోపల నీళ్ళు మాత్రం గుడ్డ పెట్టి తుడవాల్సి వచ్చింది.

బావ సోఫాలో కూర్చుని ఆ ఫోన్‌లో గడులు ఒక్కొక్కటీ వెనక్కి జరుపుకుంటూ పోయాడు. అన్నీ తెల్లగా ఉన్నాయి. "గొంతు పోయింది," అన్నాడు. "నేనే తుడిచేశాను." పక్కన కూర్చున్నాను.  పాప బతికుంది, అది చాలు అనుకున్నాను. ఏడుపు వస్తున్నా, నిజంగా చాలనే అనిపించింది.

పాపకి అన్నం తినిపించి పడుకోబెట్టాను. దుప్పటి కప్పి, ఎడంచెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నాను. పాప బొమ్మలు చూసుకునే అక్క పాత ట్యాబ్లెట్ బల్లమీద ఉంది. నేను ముట్టుకోలేదు. అదే వెలిగింది.

తీసేసిన ఆ గడే. పెద్ద తెర కదా, వెడల్పుగా ఉంది. పేరు మొత్తం పట్టింది. మూడు చుక్కలు లేవు. ఇన్నాళ్ళూ అది "తీసుకురావాలి" అనే అనుకున్నాను. పిల్లని ఈతనుంచి ఇంటికి తీసుకురావాలి, ఇంకేం ఉంటుంది.

"పాపని తీసుకువెళ్ళాలి."

తేదీ దగ్గర ఏమీ లేదు. తేదీ పెట్టకుండా వదలనివ్వదు ఆ యాప్, నాకు తెలుసు, రోజూ దానితోనే నా బతుకు. ముగింపు: ఎప్పుడూ. తీసెయ్యడానికి బటన్ కోసం వెతికాను. లేదు. కింద రెండు పేర్లు ఉన్నాయి.

అక్క: వస్తాను.

పాప: వస్తాను.

"ఎప్పుడు నొక్కావే ఇది?" అన్నాను. పాప కళ్ళు మూసుకునే ఉంది. సగం నిద్రలో పెదాలు కదిలాయి. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడినప్పుడు అనమని వాళ్ళమ్మ నేర్పిన మాటే అంది.

"వస్తాను పిన్నీ."

నా చేతిలో దాని ఎడంచెయ్యి వెచ్చగా, పొడిగా ఉంది. రెండో చెయ్యి దుప్పటి కింద ఉంది. దుప్పటి తీసి చూశాను. మణికట్టు దాకా తడిసి, ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టు పిడికిలి బిగించి ఉంది.